భాగమ్మ ఏరిన పుస్తకాలు

హెడ్‌మిస్ట్రెస్ గదిలో రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోమని ఎవరూ అనలేదు కాబట్టి భాగమ్మ నిలబడే ఉంది. చేతిలో ఆసుపత్రి కాగితాల సంచి. మనవరాలు దీక్షిత తాండూరులోని ఆ బడిలోనే మూడో తరగతి చదువుతోంది. నాలుగు రోజుల కిందట ఆడుకుంటూ నాపబండల కుప్ప మీద నుంచి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. నడుము నుంచి కుడిపాదం దాకా సిమెంటు కట్టు వేశారు. మళ్లీ బడికి రావడానికి మూడు నెలలు పడుతుందన్నారు డాక్టర్లు.

హెడ్‌మిస్ట్రెస్ కాగితాలు తిరగేసి, భాగమ్మ వెనక తలుపు వైపు చూసింది.

"ఇంట్లో చదువుకున్నోళ్లు ఎవరూ రాలేదా?"

"బిడ్డ వికారాబాదుల డ్యూటీకి పోయింది మేడం. అల్లుడు బండల పాలిషింగ్ కాడ ఉన్నడు. నాకు చెప్పుండ్రి, నేను చెప్త."

"నీకు చెప్తే ఏమర్థమైతది? మూడు నెలలు రాకపోతే పిల్ల మళ్లీ మూడోదే చదవాలె. అది చెప్పు."

"నోట్సులు పంపుతరా మేడం? నేనే వచ్చి తీస్కపోత రోజు."

"క్లాసుల ముప్పై ఎనిమిది మంది ఉన్నరు. ఒక్క పిల్ల కోసం రోజూ నోట్సులు ఎవరు రాస్తరు?" ఆమె చిన్న కాగితం మీద ఏదో రాసి బల్ల చివరికి తోసింది. "ఇండ్ల ఉండి చదివే కిట్టు పేరిది. వికారాబాదుల ఆఫీసుంది. మూడో తరగతి పూర్తైనట్టు వాళ్ల సర్టిఫికెట్ తెస్తే నాలుగోదాంట్ల కూసోబెడ్త. మీ బిడ్డకియ్యి. నువ్వు పారేసుకోకు."

బయటికి వస్తూ భాగమ్మ మూడో తరగతి గది ముందు ఆగింది. కిటికీ పక్కన దీక్షిత కూర్చునే చోట అప్పుడే వేరే పిల్ల సంచి పెట్టి ఉంది. పిల్లలందరూ ఒకే గొంతుతో పాఠం అంటున్నారు. మూడు నెలల మాట అటుంచి, నాలుగు రోజులు ఆగడానికి కూడా వీళ్లకు ఓపిక లేకపోయింది అనుకుంది భాగమ్మ. చీటీని నాలుగు మడతలు పెట్టి నడుముకు దోపుకుంది.

కిట్టు మూడో రోజుకే ఇంటికి వచ్చింది. రంగురంగుల డబ్బా. లోపల అట్టముక్కలు, రెండు వర్క్‌బుక్కులు, ఫోన్‌లో వేసుకోవడానికి ఒక యాప్. వారం రోజులు చూసి నచ్చకపోతే తిరిగి ఇచ్చేయవచ్చట. భాగమ్మ కూతురు మహేశ్వరి వికారాబాదులో ఒక ఆసుపత్రిలో వార్డు పని చేస్తుంది. పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికి గానీ రాదు. పదో తరగతి పాసైంది. ఇంట్లో చదువు సంగతి ఏదైనా ఆమె మాటే చివరి మాట.

"రోజు పది పాఠాలు అమ్మా. ఫోన్ దానికియ్యి, దాని పక్కన కూసో. ఇంకేం చెయ్యనక్కెర లేదు," అని చెప్పి వెళ్లింది.

భాగమ్మ పప్పుమిల్లులో సెలవు చెప్పి వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆమె పని పప్పు ఏరడం. చాటలో కందిపప్పు పోసుకుని, ఒక్క విసురుతో పలచగా పరిచి, రాయిని, పుచ్చుని, నల్లగింజని వేలితో పక్కకు నెట్టడం. ఇప్పుడు ఖాళీ చేతులతో మంచం పక్కన కూర్చుంటే ఏం చెయ్యాలో తోచలేదు. అందుకని ఆమె మనవరాలి వేలిని చూస్తూ కూర్చుంది.

ఫోన్‌లో ఒక ఆడగొంతు ఏదో మాట అంటుంది. కింద మూడు మాటలు రాసి ఉంటాయి. అందులో విన్న మాట మీద వేలు పెట్టాలి. తప్పైతే "మళ్లీ ప్రయత్నించు" అంటుంది. రెండోసారీ తప్పైతే సరైన మాట తనంతట తానే వణకడం మొదలుపెడుతుంది. దాన్ని ముట్టుకుంటే చప్పట్లు, ఒక నక్షత్రం. దీక్షిత ఆ గొంతు వినడం కూడా మానేసింది. టకటకా రెండు మాటలు ముట్టుకుని, ఏది వణుకుతుందా అని చూస్తోంది. మధ్యాహ్నానికి పది పాఠాలు అయిపోయాయి. ఫోన్ నిండా నక్షత్రాలు.

"అన్నీ వచ్చినయి అమ్మమ్మా!"

భాగమ్మ తలెత్తి చూసింది. గోడ మీద చర్చి క్యాలెండర్ వేలాడుతోంది. డిసెంబరు నెల వాక్యం ఆమెకు నోటికి వచ్చు, ఆదివారం ప్రార్థనలో నాలుగుసార్లు చెప్పించారు.

"గదేం రాసుందో జర చదువు బిడ్డా."

దీక్షిత మొదటి రెండు మాటలు సరిగానే చదివింది. మూడో దగ్గర ఆగింది. తర్వాత గడగడా ఏదో అనేసింది.

"గా మాట అండ్ల లేదు బిడ్డా."

పిల్ల గోడవైపు తల తిప్పుకుంది. నెమ్మదిగా అంది: "పెద్ద మాటలు నాకు రావు అమ్మమ్మా. బళ్లె అందరితోని కలిసి అంట. టీచర్‌కు ఎరుక కాదు."

సాయంత్రం మహేశ్వరి చెప్పులు విప్పకముందే భాగమ్మ ఆ మాట చెప్పింది. మహేశ్వరి ఫోన్ తీసి నక్షత్రాలు చూసింది. "ముప్పై వచ్చినయి గదా. ఇంకేంది నీ ఫికరు?"

"ఉట్టిగనే వచ్చినయి బిడ్డా. అది చదువుతలేదు."

"నీకు చదువు రాదమ్మా! అది చదువుతుందో లేదో నీకెట్ల ఎరుక?"

అలసిపోయిన మనిషి మాట. అన్నాక మహేశ్వరికే బాధేసినట్టుంది, మొహం కడుక్కోవడానికి వెళ్లిపోయింది. భాగమ్మ మంచం కింద పడిన అట్టముక్కలు ఏరి డబ్బాలో పెట్టింది. కూతురు అన్నది నిజమే. అయితే తనకు చదువు రాదన్న సంగతి ఎంత నిజమో, ఆ ఫోన్ అందరికీ చప్పట్లు కొడుతుందన్నదీ అంతే నిజం. దాన్ని ఎట్లా చూపించాలి?

మర్నాడు దారి దీక్షితే చూపించింది. యాప్‌లో ఒక ఇంట్లో ఇద్దరు పిల్లల పేర్లు పెట్టుకోవచ్చు. "అమ్మమ్మా, నీ పేరు గూడ పెట్టన్నా? నువ్వు గూడ ఆడుదువు," అని పిల్ల తడుముకుంటూ 'భాగమ్మ' అని కొట్టింది. వయసు దగ్గర తొమ్మిది అని పెట్టి పకపకా నవ్వింది.

భాగమ్మ కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. ఒక్క అక్షరం తెలియదు. ఒకటి ముట్టుకుంది, తప్పు. రెండోది, తప్పు. మూడోది వణికింది, ముట్టుకుంది. చప్పట్లు. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు అన్నీ ఒకటే తీరు. వండుకుని, పిల్ల ఒళ్లు తుడిచి, మళ్లీ కూర్చుని, మూడు రోజుల్లో ఆమె మూడో తరగతి మొత్తం పూర్తి చేసింది. శనివారం మధ్యాహ్నం ఫోన్‌లో బూరలు మోగాయి. పూలదండ బొమ్మ మధ్యన ఏదో రాసి వచ్చింది.

"అమ్మమ్మా, నీ పేరొచ్చింది!" దీక్షిత మంచం మీద లేవలేక రెండు చేతులూ ఊపింది. "సర్టిఫికెట్ గూడ ఇచ్చిండ్రు, నువ్వు పాసైనవ్!"

ఆ సాయంత్రం మహేశ్వరి ఆ ఫోన్‌ను చాలాసేపు చూసింది. పైకీ కిందికీ జరిపి చూసింది. ఆ తర్వాత స్టూలు లాక్కుని తల్లి ముందు కూర్చుంది.

"నాకు చేసి చూపియ్యి."

భాగమ్మ చేసి చూపించింది. నాలుగు పాఠాలు అయ్యేసరికి మహేశ్వరి ఫోన్ తీసి పక్కన పెట్టేసింది. "రేపు నాకు సెలవు. వికారాబాద్ పోదాం," అంది.

ఆదివారం పిల్లను అల్లుడి దగ్గర ఉంచి, మధ్యాహ్నానికి రైలు దిగి తల్లీకూతుళ్లు డబ్బా మోసుకుంటూ కంపెనీ ఆఫీసు మెట్లెక్కారు. లోపల పదిమంది దాకా తల్లిదండ్రులు కూర్చుని ఉన్నారు. శ్రేయ అనే అమ్మాయి తెరమీద బొమ్మలు చూపిస్తూ కిట్టు గురించి చెబుతోంది. అనంతగిరి దగ్గర తోటల్లో ఇళ్లు కట్టుకుని పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునేవాళ్లు కొందరు. పరిగి వైపు నుంచి వచ్చినవాళ్లు కొందరు. చెప్పడం అయ్యేదాకా భాగమ్మ వెనక వరసలో కుదురుగా కూర్చుంది. అప్పుడు లేచి ఫోన్ అందించింది.

"అమ్మా, గీ కాగితం జర రంగులల్ల తీసియ్యరాదు?"

శ్రేయ చూసి నవ్వింది. "భాగమ్మ! పాతకాలం పేరు పెట్టారే. మనవరాలా?"

"నేనే భాగమ్మను."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. శ్రేయ అయోమయంగా మహేశ్వరి వైపు చూసింది.

"మా అమ్మకు సంతకం గూడ రాదు," అంది మహేశ్వరి. "మూడు రోజులల్ల మీ మూడో తరగతి పాసైంది. తెలుగు, ఇంగ్లీష్, లెక్కలు. కావాలంటే ఇక్కడ మళ్ల చేస్తది, చూడుండ్రి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందువరసలో ఒకాయన అప్పటిదాకా నింపుతున్న ఫారం మీద కలం మూత పెట్టాడు. అతని భార్య దాన్ని మెల్లగా బల్లమీదికి తిరిగి జరిపింది.

శ్రేయ కాగితం ప్రింట్ తీసి, డబ్బా వెనక్కి తీసుకుని, వాళ్లతో పాటు మెట్ల దాకా వచ్చింది. చిన్నపిల్ల, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. "నేను పైవాళ్లకు రాస్తానమ్మా ఈ సంగతి," అంది గొంతు తగ్గించి. "మీరు సర్కారు బడి పుస్తకాలు చూడండి. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు ఉంటుంది. మా చెల్లికి నేను అవే కొన్నాను."

తిరుగు రైల్లో మహేశ్వరి కిటికీ పక్కన కూర్చుంది. రైలు బండల గనుల మధ్య నుంచి పోతున్నప్పుడు అంది: "కిట్టు ఇచ్చేసినం. ఇగ సర్టిఫికెట్ ఎక్కడిది అమ్మా? పిల్లను మళ్ల మూడోదాంట్ల ఏస్తది ఆమె."

"నేను మాట్లాడ్త."

"నీ మాట ఇనదు."

"నా మాట ఇనకున్నా ఆమె చెప్పిన కాగితమైతే తీస్కపోతున్న గద."

మహేశ్వరి తల్లిని ఎగాదిగా చూసి, నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సోమవారం పొద్దున భాగమ్మ ఒక్కతే బడికి వెళ్లింది. కూతురు ఒక పూట సెలవు పెట్టి వస్తానన్నా, పిల్ల దగ్గర ఉండమంది. ఈసారి గదిలోకి వెళ్లగానే కుర్చీ లాక్కుని కూర్చుంది. సర్టిఫికెట్ బల్లమీద పెట్టి వేళ్లతో సాపు చేసింది.

"అప్పుడే అయిపోయిందా?" అంది హెడ్‌మిస్ట్రెస్, కాగితం అందుకుంటూ. చదివింది. మళ్లీ చదివింది. "ఈ భాగమ్మ ఎవరు?"

"నేనే మేడం. గది తెస్తే నాలుగోదాంట్ల కూసోబెడ్తనన్నరు గదా. ఎప్పట్నుంచి రమ్మంటరు?"

హెడ్‌మిస్ట్రెస్ మొహం ఎర్రబడింది. కాగితం బల్లమీద పెట్టింది. బయట పిల్లలు నీళ్ల సీసాలు పట్టుకుని పరిగెడుతున్న చప్పుడు. భాగమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"నాకు ఒక్క అచ్చరం రాదు మేడం. మీరన్నది నిజమే. గీ కాగితంతోటి నా మనవరాలు గూడ మీ కాడికి వచ్చేటిది. నాలుగోదాంట్ల కూసొని అందరితోని కలిసి పెదవులు కదిలిచ్చేటిది. మూడోదాంట్ల గూడ అదే జేసింది మీ కాడ, ఎవ్వరికి ఎరుక కాలె." ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. "మూడు నెలలైనంక దాన్ని తోలుకొస్త. మీరే పుస్తకం తియ్యుండ్రి, మీకిష్టమైంది. చదివిపియ్యుండ్రి. వస్తే నాలుగోది. రాకుంటే మూడోదే. కాగితం వద్దు."

హెడ్‌మిస్ట్రెస్ సర్టిఫికెట్ తిరగేసి పెట్టింది. "ఇంట్లో ఎవరు చెప్తరు పిల్లకు?"

"ముందు పుస్తకాలు దొరకనియ్యుండ్రి."

"సరే. ఫిబ్రవరి ఆఖర్ల తీస్కరా," అంది ఆమె. భాగమ్మ లేచాక, "కాగితం తీస్కపో," అంది.

"ఉండనియ్యుండ్రి మేడం. ఇంకెవ్వరికన్న గా కిట్టు చెప్పేటప్పుడు పనికొస్తది."

బడి నుంచి ఆమె నేరుగా చంద్రశేఖర్ పుస్తకాల దుకాణానికి వెళ్లింది. సోమవారం పొద్దున గిరాకీ పలచగా ఉంది. సర్కారు బడి పుస్తకాలు మూలన తాడు కట్టి ఉన్నాయి. అవి ముందు పక్కన పెట్టించింది. తర్వాత, పిల్లలు ఇంట్లో చదువుకునే పుస్తకాలు ఇంకేమున్నాయో అన్నీ చూపించమంది. చంద్రశేఖర్ బల్ల నిండా పరిచాడు.

భాగమ్మ వాటిని ఒక వరసలో సర్దుకుంది. మొదట లావుపాటి, మెరిసే పుస్తకం తెరిచింది. పంటల పేజీ వచ్చింది.

"గిదేంది సేటు?"

"కందిచెట్టు పెద్దమ్మా."

"గిది బఠానీ తీగ. కందిపువ్వు పసుపుపచ్చగ ఉంటది, గిట్ల ఊద రంగు ఉంటదా? నాకు తెలిసిందే తప్పు గీసినోడు, నాకు తెల్వంది సరిగ్గ రాసిండని ఎట్ల నమ్మాలె?" దాన్ని పక్కకు నెట్టింది.

చంద్రశేఖర్ ఆ బొమ్మను దగ్గరికి తీసుకుని చూశాడు. దోమ అనే ఊరి దగ్గర అతనికీ నాలుగెకరాల కంది ఉంది. మూడేళ్లుగా అమ్ముతున్న పుస్తకం. ఎప్పుడూ చూడలేదు.

తర్వాతి దాంట్లో లెక్కల కిందే తలకిందులుగా జవాబులు అచ్చేశారు. "పిల్ల కండ్లు ఆడికే పోతయి," అంటూ అదీ నెట్టింది. ఇంకొకటి అక్షరాలు మరీ ఇరుకు. పడుకుని చదవాల్సిన పిల్లకు కళ్లు లాగుతాయి. అదీ వద్దు. కథల పుస్తకాలు వచ్చేసరికి ఆమె బొమ్మలు చూడటం ఆపి, పుస్తకం అతని చేతికిచ్చింది.

"ఒక్క పేజీ చదువు సేటు."

"నేనా?"

"నాకు రాదు గద మరి."

మొదటి పుస్తకం అర పేజీ కాకముందే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "మంచిగుండాలె, మంచిగుండాలె అని చెప్పుడే ఉంది. కథ లేదు." రెండోది అతనికే తికమకైంది. మూడోది గూడ్సు బండి డబ్బాలు లెక్కపెట్టే ఒక పిల్ల కథ. రోజూ నలభై రెండు డబ్బాలు వచ్చే బండి ఒకరోజు నలభై ఒకటితో వస్తుంది. ఆ పిల్ల స్టేషనుకు పరిగెడుతుంది. అక్కడిదాకా చదివేసరికి ఎవరో పెన్నుల కోసం వచ్చారు. చంద్రశేఖర్ పుస్తకం మూసి అటు వెళ్లాడు. భాగమ్మ కదలకుండా నిలబడింది. అతను చిల్లర ఇచ్చి తిరిగి రాగానే అడిగింది:

"డబ్బా ఏడ పోయింది మరి?"

చంద్రశేఖర్ నవ్వి మళ్లీ తెరిచాడు. కథ అయ్యేదాకా చదివాడు. మధ్యలో ఒకసారి తనే ఆగి, ముందు పేజీకి వెళ్లి సరిచూసుకున్నాడు కూడా.

"గిది కట్టు," అంది భాగమ్మ. "గిసోంటివి ఇంకేమున్నయో తియ్యి."

మధ్యాహ్నానికి ఆరు పుస్తకాలు, గడుల నోట్‌బుక్కు ఒకటి, సుద్దముక్కల డబ్బా ఒకటి ఇంటికి చేరాయి. సాయంత్రం అల్లుడు మల్లేశ్ పాలిషింగ్ యూనిట్ నుంచి అంచు విరిగిన నునుపు బండ ఒకటి మోసుకొచ్చి మంచానికి ఆనించాడు. పలకలాగా రాసి తుడిచేయవచ్చు.

చదువు ఒకటే పద్ధతిలో సాగింది. దీక్షిత ఒక పేజీ చదవాలి, ఆ పేజీలో ఏం జరిగిందో అమ్మమ్మకు చెప్పాలి. ఇంగ్లీషు పేజీ అయినా అంతే. మొదటి రోజుల్లో పిల్ల బొమ్మ చూసి కల్పించేది. సాయంత్రం మహేశ్వరి వచ్చి అదే పేజీ పైకి చదివేది. "నువ్వు కుక్క ఒర్రిందన్నవు గదా, గీడ కుక్కే లేదు," అనేది భాగమ్మ. ముగ్గురూ నవ్వేవారు. పదో రోజుకు పిల్ల కల్పించడం మానేసింది. పెద్ద మాట వస్తే బండ మీద రాసుకుని, ముక్కలు చేసి, మళ్లీ కలిపేది. లెక్కలు మల్లేశ్ చెప్పేవాడు. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న గదికి రెండడుగుల చదరం బండలు ఎన్ని పడతాయి? దీక్షిత గడుల నోట్‌బుక్కులో గీసి ముప్పై అని చెప్పిన రోజు, అతను ఆ కాగితం చింపి జేబులో పెట్టుకుని యూనిట్‌లో అందరికీ చూపించుకొచ్చాడు. సంక్రాంతి దాటాక పుస్తకాలు అయిపోయాయి. భాగమ్మ మళ్లీ దుకాణానికి వెళ్లింది. ఈసారి చంద్రశేఖర్ అడగకముందే స్టూలు వేశాడు.

ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం దీక్షిత వాకరు పట్టుకుని ఒక్కో అడుగు వేసుకుంటూ బడి వరండా దాటింది. పక్కన అమ్మ, వెనక అమ్మమ్మ. మహేశ్వరి ఆ రోజు సెలవు పెట్టింది. హెడ్‌మిస్ట్రెస్ ముగ్గురికీ కుర్చీలు వేయించింది. బీరువాలోంచి నాలుగో తరగతి పిల్లలకిచ్చే పుస్తకం ఒకటి తీసి, నడిమికి తెరిచి ఇచ్చింది. కరువు సీమలో బావి తవ్వుతున్న నలుగురు అక్కచెల్లెళ్ల కథ అది.

దీక్షిత చదవడం మొదలుపెట్టింది. వేగంగా కాదు. ప్రతి మాటా దాని చోట పెడుతూ చదివింది. 'పర్యవేక్షకుడు' దగ్గర ఆగింది. పిల్ల ఒడిలో వేలితో ఏదో రాసుకుంది. "పర్య... వేక్ష... పర్యవేక్షకుడు," అని, వాక్యం మొదటికి వెళ్లి మళ్లీ చదివింది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ.

"చాలమ్మా," అంటూ హెడ్‌మిస్ట్రెస్ పుస్తకం కోసం చెయ్యి చాపింది.

దీక్షిత తలెత్తలేదు. "ఇంకొక పేజీనే ఉంది మేడం. నీళ్లు పడ్డయో లేదో చూడాలె."

హెడ్‌మిస్ట్రెస్ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక టీచరు రిజిస్టరు పట్టుకుని గుమ్మంలోకి వస్తే ఆగమని సైగ చేసింది. పిల్ల చివరి పేజీ పూర్తి చేసి, "పడ్డయి!" అని అమ్మమ్మ వైపు తిరిగింది. తిరిగి, ఎవరూ అడగకుండానే, బావి ఎక్కడ తవ్వారో, చిన్న చెల్లె ఎందుకు అలిగిందో మొత్తం చెప్పేసింది. ఆ తర్వాత ఇంగ్లీషు, లెక్కలు అడిగారు. అవి పావుగంటలో ముగిశాయి.

హెడ్‌మిస్ట్రెస్ రిజిస్టరు తెప్పించి, తనే రాసింది. జూన్ నుంచి నాలుగో తరగతి. రాసి, కలం పట్టుకునే ఉండి, భాగమ్మతో అంది: "మీరు ఏమేం పుస్తకాలు కొన్నరో చెప్తరా? మూడో తరగతిల ఇంకో ఏడెనిమిది మంది ఉన్నరు, పెదవులు కదిలిచ్చేటోళ్లు. మొన్న ఒక్కొక్కరితోని చదివిచ్చి చూసిన."

భాగమ్మ ఆ 'మీరు' విన్నది. మహేశ్వరి కూడా విన్నది.

"పేర్లు నాకు చదవరావు మేడం. దుకాణం కాడికి రాండ్రి, చూపిస్త," అంది భాగమ్మ.

మర్నాడు ఆమె మిల్లులో పనికి ఎక్కింది. మూడు నెలల తర్వాత చాట చేతికి రాగానే నడుము దానంతట అదే సర్దుకుంది. అన్నాల వేళకు, పక్కన కూర్చునే జంగమ్మ ఆమె దగ్గరికి జరిగింది. భాగమ్మ పుస్తకాల సంగతి ఊరంతా చెప్పుకుంటున్నారని తన కోడలు చెప్పిందట.

"మా మనుమడు రెండోదాంట్ల ఉన్నడు. కుదురుగ కూసోడు, పుస్తకం ముట్టడు. ఏది కొనాల్నో జర చెప్పరాదు."

భాగమ్మ సద్దిడబ్బా మూత పెట్టింది. "నాకేం ఎరుక జంగమ్మా? వాన్ని నేను చూడలె గద. రేపు ఆదివారం తోలుకరా. నా కాడ రెండు గంటలు ఆడుకోని. వాడు ఏం అడుగుతడో, దేని ముందట ఆగుతడో చూస్త. పుస్తకం సంగతి ఆ తర్వాత."

ఆదివారం ప్రార్థన అయ్యి ఇంటికి వచ్చేసరికి గడపలో ఉన్నది జంగమ్మ మనవడు ఒక్కడే కాదు. ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ల తల్లులు, చేతిలో పుస్తకాల సంచీ పట్టుకుని చంద్రశేఖర్ సేటు కూడా ఉన్నారు.